గంటకు పది మిల్లీమీటర్ల వాన

గురువారం పొద్దున పది నలభైకి నయీం వేముల మండలంలోని నల్లగుట్టపల్లె వాతావరణ స్టేషన్ ముందు బండి ఆపాడు. స్టేషన్ అన్న పేరే గానీ, అక్కడున్నది ముళ్ళకంచె కట్టిన రెండు సెంట్ల జాగా. మధ్యలో ఒక ఇనుప స్తంభం, దానికి సోలార్ పలక, గాలికి తిరిగే చిన్న గిన్నెలు, తెల్లటి పళ్ళేల దొంతర లోపల దాక్కున్న థర్మామీటరు. పక్కన దిమ్మె మీద వాన కొలిచే గిన్నె. స్తంభం కొసన చేపముల్లు లాంటి యాంటెన్నా ఒకటి దాదాపు నడినెత్తి మీదికి చూస్తూ ఉంది.

ఆ చూపు ఎక్కడికో నయీంకి తెలుసు. భూమధ్యరేఖకు పైన, ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున వాతావరణ ఉపగ్రహం ఉంది. భూమి ఒక చుట్టు తిరిగేలోగా అదీ ఒక చుట్టు తిరుగుతుంది. అందుకే కింద నుంచి చూసేవాడికి అది ఎప్పుడూ ఒకేచోట కూర్చున్నట్టే ఉంటుంది. అరగంటకొకసారి మబ్బుల ఫోటో తీస్తుంది. ఇలాంటి స్టేషన్లు గంటకొకసారి పంపే కబుర్లను అందుకుని కిందికి దింపుతుంది. ప్రతి స్టేషన్‌కూ గంటలో తనదంటూ ఒక నిమిషం ఉంటుంది. ఆ నిమిషంలో అది ఒక్కటే మాట్లాడాలి.

నయీంకి నలభై ఆరేళ్ళు. పన్నెండేళ్ళు మస్కట్‌లో, ఉపగ్రహాల కబుర్లు అందుకునే కేంద్రంలో టెక్నీషియన్‌గా పనిచేసి, నాలుగేళ్ళ కిందట ప్రొద్దుటూరు తిరిగొచ్చి డిటెక్టివ్ బోర్డు పెట్టాడు. ఇంతవరకూ వచ్చినవన్నీ పెళ్ళి సంబంధాల వాకబులూ, తప్పిపోయిన గేదెలూ. మొదటిసారి మనిషి కేసు వచ్చింది. అది కూడా ఉపగ్రహం పని తెలిసిన మనిషిది.

ఆ మనిషి అక్రమ్. ముప్పై రెండేళ్ళు. ఈ జిల్లాలోని స్టేషన్లన్నీ తిరిగి బాగుచేసేది అతనే. మంగళవారం ఈ స్టేషన్‌కి వచ్చినవాడు ఇంటికి చేరలేదు. బుధవారం పొద్దున ఆరింటికి జమ్మలమడుగు దాపున, వాగు మీది చప్టా పక్క బురదలో అతని మోటార్ సైకిల్ దొరికింది. వాగులో కొట్టుకుపోయాడని సి.ఐ. ఓబులేసు తేల్చేశాడు. మధ్యాహ్నం అక్రమ్ భార్య ఆఫ్రీన్ నయీం దగ్గరికి వచ్చి ఏడిస్తే, “తెచ్చిస్తానమ్మా” అని నయీం మాట ఇచ్చేశాడు. ఇచ్చిన క్షణం నుంచీ ఆ మాట బరువుగానే ఉంది. దొరుకుతాడో లేదో తెలియకుండా మాట ఇవ్వడానికి తనెవరు?

వాన గిన్నె దగ్గర కూర్చుని లోపలికి చూశాడు. గరాటు పొడిగా ఉంది. దుమ్ము పొర అలాగే ఉంది. వారం రోజులుగా నీటి చుక్క తగలని దుమ్ము. గిన్నె అంచు చుట్టూ మాత్రం గుండ్రంగా ఒక గీత పడింది. ఏదో మూత బోర్లించి తీసినట్టు, ఒకసారి కాదు, పదిసార్లు.

“ఏంది సామీ, మిషన్ను ముట్టుకుంటాండావు? సారు కోప్పడతాడు!”

కంచె అవతల నుంచి చీపురుతో వచ్చింది ఒక ఆమె. అరవై దాటి ఉంటాయి. పేరు పెంచలమ్మ. ఈ జాగా ఊడ్చి, మేకలు రాకుండా చూసేందుకు పెట్టుకున్న మనిషి.

“నేను అక్రమ్ వాళ్ళ ఇంటి తరఫున వచ్చినానమ్మా. మంగళవారం అతను ఈడికి వచ్చినప్పుడు నువ్వు ఉండావా?”

ఆమె ముఖం వాడిపోయింది. “ఆ సాయిబు పిల్లోడు దొరికినాడా?”

“ఇంకా లేదు. ఎన్ని గంటలకు వచ్చినాడు?”

“నాకు గంటలు యాడ తెలుసు? ఇస్కూలు ఇడిసే ముందర. వానా వాడూ ఒకేసారి వచ్చిరి. మబ్బు కమ్ముకోంగానే నేను గిన్నె ఎత్తుకోని ఉరికినా.”

“ఏ గిన్నె?”

“సత్తు గిన్నె. దీని మీద బోర్లించేది.” వాన గిన్నెను చీపురుతో చూపించింది. “తడిస్తే మిషను చెడిపోతాది గదా. మబ్బు పట్టినప్పుడల్లా మూస్తా. ఎండబెట్టిన చింతపండు ఎత్తుకోకుండా ఉంటామా వానొస్తే?”

నయీంకి ఒక్క క్షణం నవ్వొచ్చింది. వాన కొలిచే గిన్నె వానకు తడిసిపోతుందని మూత పెట్టే మనిషి! రెండో క్షణంలో ఆ నవ్వు చచ్చిపోయింది.

“మూయమని నీకు ఎవరు చెప్పిరి?”

“నారాయణ సారు. కాంట్రాక్టు ఆయన. వానాకాలం మొదట్లో వచ్చి, పెంచలమ్మా, ఇది శానా ఖరీదైన మిషను, చుక్క పడనీయొద్దు అని చెప్పిపోయినాడు. నేను ఒక్క వాన కూడా ఇడిసిపెట్టలేదు సామీ!” ఆ చివరి మాట గర్వంగానే అంది.

“అక్రమ్ అది చూసినాడా?”

“చూసి ముందు నవ్వినాడు. మళ్ళా మొగం నల్లగా చేసుకున్నాడు. ఎవరు చెప్పిరని అడిగితే చెప్పినా. వానలోనే నిలబడి ఫోన్లో అరిచినాడు. ‘నారాయణప్పా, ఎన్ని వానలు మింగితివి? ఈ మండలాన్ని కరువు మండలం చేపియ్యాలని ఎవరు నిన్ను పెట్టినారు?’ అని. నాకేం అర్థం కాలేదు. నేనేమన్న తప్పు చేసినానా సామీ?”

నయీం గిన్నె అంచు మీది గీతను మళ్ళీ ఒకసారి చూశాడు. సున్నా అంకెలు వరసగా పోతే ఈ మండలం కరువు జాబితాలోకి ఎక్కుతుంది. ఎక్కితే వచ్చే కరువు నిధుల వెనక ఎవరెవరి బతుకులు బాగుపడతాయో ఈమెకేం తెలుసు? “నీ తప్పేం లేదమ్మా. తర్వాత ఏమైంది?”

“ఒక పెట్టె, ఇట్లాంటి చేపముల్లు కడ్డీ ఒకటి బండికి కట్టుకోని వచ్చినాడు. వాన నిలిచినాక వాటిని మళ్ళా గట్టిగా కట్టుకోని పోయినాడు.”

నయీం ఫోన్ తీశాడు. మంగళవారం ఉపగ్రహం తీసిన ఫోటోలు అందులో ఉన్నాయి. మూడున్నర ఫోటోలో మబ్బు వేములకి అవతల ఉంది, నాలుగింటి ఫోటోలో సరిగ్గా ఈ ఊరి మీద. అయితే ఉపగ్రహం ఫోటో కెమెరా నొక్కినట్టు ఒక్కసారిగా పడదు. మగ్గం మీద పేక పోగు ఒక్కొక్కటీ వేసినట్టు, ఉత్తరం నుంచి దక్షిణానికి గీత మీద గీతగా అరగంట సేపు నేస్తుంది. మన జిల్లా గీత వచ్చేసరికి తొమ్మిది నిమిషాలు గడిచిపోతాయి. అంటే వాన ఈ కంచె మీద ఉన్నది నాలుగూ తొమ్మిదికి. బడి వదిలేది నాలుగుంబావుకి. పెంచలమ్మ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం.

*

మధ్యాహ్నం ఒంటిగంటకు జమ్మలమడుగులో సి.ఐ. ఓబులేసు గదిలోకి అడుగుపెట్టేసరికి, ఆఫ్రీన్ బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమె ముందు బల్ల మీద రైటర్ రాసిన కాగితం, పక్కన పెన్ను. నయీంని చూడగానే లేచి నిలబడింది.

“భాయ్, సంతకం పెట్టమంటాండారు. ఆయన వాగులో పోయినాడని నేను ఒప్పుకున్నట్టంట. పెడితే వెతికేది నిలిపేస్తారంట. నా చెయ్యి రాలేదు భాయ్.”

“పెట్టొద్దు” అన్నాడు నయీం.

ఓబులేసు కుర్చీలోంచి కదలకుండానే చూశాడు. రెండు రోజులుగా నిద్ర లేని కళ్ళు. ఆయన చెడ్డవాడు కాడు, లంచగొండి అసలే కాడు. ఒకసారి అనుకుంటే బ్రహ్మదేవుడు దిగొచ్చినా మారని రకం, అంతే.

“ఏమప్పా డిటెక్టివూ, నా స్టేషన్లో నువ్వు ఆర్డర్లు ఇస్తాండావా? గజ ఈతగాళ్ళు రెండు రోజుల నుంచి బురదలో మునుగుతాండారు. ఒకరికి జ్వరం కూడా వచ్చె. ఎంతకాలం ఉంచేది?”

“వాగులో లేని మనిషిని వాగులో వెతికితే ఎంతకాలమైనా అంతే సార్. ఎన్ని గంటలకు కొట్టుకుపోయినాడంటారు?”

“ఐదు ఇరవైకి ముద్దనూరు టవర్ కింద ఫోన్ ఆగిపోయింది. ఆడ నుంచి చప్టాకు అరగంట దారి. ఆరు గంటలకు వాగు పొంగింది, పోయినాడు.” ఓబులేసు తన ఫోన్ తిప్పి చూపించాడు. “నీకొక్కనికే తెలుసనుకున్నావా ఉపగ్రహం? నేనూ చూసినా. మంగళవారం ఐదున్నర ఫోటో. జమ్మలమడుగు మీద చూడు, పాల మాదిరి తెలుపు.”

నయీం వంగి చూశాడు. తెలుపు ఉన్న మాట నిజమే. “సార్, అది వేడిని చూసే కెమెరా. పైన ఎంత చల్లగా ఉంటే అంత తెల్లగా చూపిస్తాది. తెల్లగుంటే చల్లని మబ్బు ఉన్నట్టు, అంతే. వాన పడినట్టు కాదు. వేముల మీద కురిసిన మబ్బు పైభాగం విచ్చుకోని ఈ దాకా పరుచుకునింది. కుండ ఒక ఇంట్లో ఉడికితే ఆవిరి నాలుగిళ్ళకు పోతాది. నాలుగిళ్ళలో అన్నం ఉన్నట్టా?”

“మరి వాన పడలేదని నీకెట్ల తెలుసు?”

“ఈ ఊరి స్టేషన్ పంపిన కబురు ఉండాది. ఐదు, ఆరు, ఏడు గంటలకు వాన సున్నా. పది గంటలకు నలభై రెండు మిల్లీమీటర్లు. వాగు వచ్చింది రాత్రి తొమ్మిది దాటినాక.”

ఓబులేసు మీసం కింద నవ్వాడు. పట్టు దొరికిందన్న నవ్వు. “నల్లగుట్టపల్లె గిన్నె కూడా మంగళవారం సున్నానే చెప్పింది. నేను చూసినాలే. అది అబద్ధం, ముసలమ్మ మూత పెట్టింది, అని పొద్దున ఫోన్లో చెప్తివి. అది అబద్ధమైతే ఇది నిజమెట్లయితాది? నీకు పనికొచ్చే సున్నా నిజం, పనికిరాని సున్నా అబద్ధమా?”

గదిలో కానిస్టేబుళ్ళు కిసుక్కున నవ్వారు. నయీంకి చెవులు వేడెక్కాయి. దెబ్బ సరైన చోటే పడింది. అయినా జవాబు ఉంది.

“గిన్నెకు మూత పెట్టొచ్చు సార్. గాలికి పెట్టలేరు. వాన పడితే గాలి చల్లబడాల. నల్లగుట్టపల్లెలో మూడింటికి ముప్పై ఆరు డిగ్రీలు, ఐదింటికి ఇరవై నాలుగు. గిన్నె సున్నా అంటాంది, థర్మామీటరు వాన పడిందంటాంది. మూసినోళ్ళకు గిన్నె ఒకటే గుర్తుండె, పక్కన థర్మామీటరు కూడా కబురు పంపుతాదని తోచలేదు. ఇంక మీ ఊరు చూడండి. ఐదింటికి ముప్పై ఐదు, ఆరింటికి ముప్పై నాలుగు, ఏడింటికి ముప్పై మూడు. ఈడ గిన్నే, థర్మామీటరూ ఒకే మాట చెప్తాండాయి.”

నవ్వులు ఆగిపోయాయి. ఓబులేసు ఫోన్ తీసుకుని ఆ అంకెలు రెండుసార్లు చూసుకున్నాడు.

“ఐదు ఇరవైకి ముద్దనూరులో ఉన్నోడు అరగంట దారికి తొమ్మిది దాకా ఏం చేస్తాంటాడు?” నయీం వదల్లేదు. “బండికి కట్టిన పెట్టె, యాంటెన్నా ఏమైనాయి? మీ పంచనామాలో లేవే? బండిని ఎవరో తెచ్చి చప్టా దగ్గర పడేసినారు. అక్రమ్ ఆఖరుసారి ఫోన్ చేసింది నారాయణకు. ఆ నారాయణ ఇంటి దగ్గర ఒక కానిస్టేబుల్ను పెట్టండి సార్, అది చాలు.”

“నా మనుషులందరూ వాగు కాడ ఉండారు. ఒక్కన్ని కూడా ఇయ్యలేను. ముసలమ్మ మాట పట్టుకోని పెద్దమనిషి ఇంటి మీద కాపలా పెడితే రేపు నా టోపీ ఎగిరిపోతాది.” ఓబులేసు లేచాడు. ఆఫ్రీన్ వైపు చూసి గొంతు కాస్త తగ్గించాడు. “అమ్మా, సాయంత్రం ఆరు దాకా సంతకం అడగను. నయీం, వాడు బతికుండాడని చెప్పేది ఒక్కటి తీసుకురా. ఒక్కటే. తెస్తే జిల్లా పోలీసులనంతా నీ ఎంట తోలుకొస్తా.”

*

మూడూ పదిహేనుకి నయీం ప్రొద్దుటూరు మైదుకూరు రోడ్డులోని నారాయణ వర్క్‌షాపులో కూర్చున్నాడు. నారాయణకి యాభై ఐదేళ్ళు. తెల్ల చొక్కా మీద మడత నలగలేదు. వాతావరణ స్టేషన్లను కాంట్రాక్టు మీద చూసుకునేది ఆయనే, అక్రమ్‌కి జీతమిచ్చేదీ ఆయనే.

“మంచి పిల్లోడు నయీం భాయ్. నా కొడుకు మాదిరి. దేవుడు ఇట్ల చేసె.”

“మంగళవారం సాయంత్రం మీరు యాడుండారు?”

“ఈడే. మధ్యాహ్నం మూడు నుంచి రాత్రి ఏడు దాకా.”

“అక్రమ్ ఫోన్ చేసినాడా?”

“లేదే.”

“వానలో నిలబడి మీ పేరు పెట్టి అరిచినాడంట. ఎన్ని వానలు మింగితివి అని.”

నారాయణ చెయ్యి చొక్కా జేబు దగ్గరికి పోయి వెనక్కి వచ్చింది. “ఓ, అదా. వచ్చింది, ఉరుములకు ఏం వినపడలేదు. కట్ అయిపోయె.”

“లేదన్నారు గదా ఇప్పుడే?”

“గుర్తు లేదు భాయ్. మనిషి పోయిన బాధలో ఏం గుర్తుంటాది?”

“మనిషి పోయినాడని మీకెట్ల తెలుసు? శవం దొరకలేదు గదా!”

నారాయణ నీళ్ళ గ్లాసు అందుకున్నాడు. నయీం బల్ల మీదున్న సామాన్ల రిజిస్టరు తన వైపుకి లాక్కుని తిప్పాడు. సోమవారం తేదీ కింద అక్రమ్ సంతకం ఉంది: చెర్లోపల్లె హైస్కూలు స్టేషన్, ట్రాన్స్‌మిటర్ పెట్టె, యాంటెన్నా, బ్యాటరీ, రిపేరుకు. జూలైలో ఊడదీసిన స్టేషన్ అది. పెంచలమ్మ చూసిన పెట్టె ఇదే.

ఎందుకో ఏమో, నయీం ఫోన్లో వాతావరణ శాఖ పేజీ తెరిచి ఆ స్టేషన్ పేరు కొట్టాడు. రెండు నెలలుగా మాట్లాడని స్టేషన్. ఖాళీ గళ్ళు కనబడాలి.

గళ్ళు ఖాళీగా లేవు.

బుధవారం పగలు పదకొండూ ఏడు నుంచి గంట గంటకూ కబురు వస్తోంది. ఆఖరిది కాసేపటి కిందటే, మూడూ ఏడుకి వచ్చింది. పేజీలో మాత్రం పాత ఊరి పేరే, పాత జాగా గుర్తే. ఎవరైనా చూసినా స్టేషన్ బాగైందనుకుంటారు తప్ప మనిషి జాడ అనుకోరు. నయీం వేలు వాన గడి మీదికి పోయింది. పది మిల్లీమీటర్లు. దాని ముందు గంటలో పది. దాని ముందూ పదే. రాత్రి నాలుగు గంటలు మాత్రం సున్నా, తెల్లవారినాక మళ్ళీ పది. మంగళవారం తర్వాత ఈ చుట్టుపక్కల ఒక్క చినుకు లేదు. దేవుడు కురిపించే వాన అంత లెక్కగా కురవదు. లోపల తక్కెడ లాంటి చిన్న దోనె ఒకటి ఉంటుంది, అరమిల్లీమీటరు నిండితే ఒకసారి ఒరుగుతుంది. ఎవరో దాన్ని వేలితో గంటకు ఇరవైసార్లు ఒరగదోస్తున్నారు. ఆ రాత్రి నాలుగు గంటలూ ఆ మనిషి నిద్రపోయాడు.

“యా అల్లా” అన్నాడు నయీం పైకే. “బతికే ఉండాడు!”

నారాయణ గ్లాసు కింద పెట్టాడు. “ఎవరు?”

ఇక్కడ నయీం చేసిన పనిని తర్వాత చాలాకాలం తనే క్షమించుకోలేకపోయాడు. పన్నెండేళ్ళ మస్కట్ చదువు ఒక్కసారిగా అక్కరకొచ్చిన పొంగులో, ఎదురుగా ఉన్న దొంగను ఆ చదువుతోనే కూల్చాలనిపించింది. ఫోన్ తిప్పి నారాయణ ముఖం ముందు పెట్టాడు.

“చూడు నారాయణప్పా. మిషన్లు బాగుచేసేటోన్ని తీసుకపోయి పాత వాన గిన్నెలు, థర్మామీటర్లు ఉండే కొట్టంలో పడేసినావు. వాని పెట్టె కూడా ఆడనే పడేసినావు. మాట పంపేదానికి దాంట్లో వీలు లేదు, కొలతలే పంపుతాది. అందుకని వాన కురిపిస్తాండాడు. గంటకు పది. అంత లెక్కగా మనిషి తప్ప ఎవరు కురిపిస్తారు?”

“నాకేం తెలుసుప్పా…”

“ఇంకొకటి చూడు. గాలి పీడనం, ఎత్తు పెరిగేకొద్దీ తగ్గుతాది. వేముల పక్కన పులివెందుల ఎత్తులో ఉంటాది, అక్కడ ఈ పొద్దు తొమ్మిది వందల డెబ్బై ఏడు. జమ్మలమడుగులో ఎనభై ఐదు. మన ప్రొద్దుటూరులో ఎనభై తొమ్మిది. ఈ పెట్టెకాడ కూడా ఎనభై తొమ్మిదే. అంటే వాడు వేములలో లేడు, వాగులో లేడు, మన ఊరి దాపునే ఉండాడు. ఇనుప రేకుల కింద నుంచి ఈ కబురు పైకి పోదు. కాబట్టి సిమెంటు రేకుల కొట్టం. యాడ ఉండాది అట్లాంటి కొట్టం నీకు?”

నారాయణ ముఖం చెమటతో తడిసిపోయింది.  చాలా మెల్లగా అడిగాడు.

“మళ్ళా ఎప్పుడు వస్తాది కబురు?”

“నాలుగూ ఏడుకు.”

నారాయణ తలవంచుకున్నాడు. “నేనొక్కన్నే కాదు భాయ్. నా ఎనక పెద్దోళ్ళు ఉండారు. వాళ్ళ పేర్లున్న కాగితాలు లోపలి గదిలో పెట్టినా. తెస్తా, అన్నీ చెప్తా.” లేచి, బల్ల పట్టుకుంటూ, కాళ్ళీడ్చుకుంటూ లోపలికి పోయాడు. విరిగిపోయిన మనిషి నడక అనుకున్నాడు నయీం. తనే గెలిచాననుకున్నాడు.

మూడూ ముప్పై రెండుకి ఓబులేసుకి ఫోన్ చేశాడు. అవతల ఆయన అంకెలన్నీ రెండుసార్లు చెప్పించుకున్నాడు. చివరికి, “నయీం, నేను వాగు దగ్గర తప్పు చేసినా. వస్తాండా” అన్నాడు. ఆ మనిషి నోట ఆ మాట రావడం చిన్న సంగతి కాదు. తర్వాత ఆఫ్రీన్‌కి చేశాడు. ముందు ఆమెకి అర్థం కాలేదు. వాన గురించీ, నాలుగూ ఏడుకి రాబోయే కబురు గురించీ రెండుసార్లు చెప్పాక అర్థమైంది. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. ఇంట్లో వాళ్ళందరినీ పిలిచి అందరికీ చెప్పింది. ఆ ఏడుపు వింటుంటే నయీంకి నిన్న ఇచ్చిన మాట బరువు దిగిపోయింది.

ఫోన్ పెట్టేసరికి మూడూ నలభై ఏడు. లోపలి గదిలో ఏ చప్పుడూ లేదు.

“నారాయణప్పా!”

నయీం లోపలికి ఉరికాడు. గదిలో కాగితాలూ లేవు, మనిషీ లేడు. వెనక సందులోకి తలుపు బార్లా తెరిచి ఉంది. గోడకి ఆనించి ఉండాల్సిన ఆయన బండి లేదు. పదిహేను నిమిషాలు. పదిహేను నిమిషాలు తను సంతోషం పంచుకుంటూ కూర్చున్నాడు.  కొట్టంలో పడేసిన అక్రమ్‌కి ఇక నోరు లేదనుకున్నాడు నారాయణ, బయటికి కబురు పోతోందని కలలో కూడా అనుకోలేదు. చెప్పింది తను. ఎలా పంపుతున్నాడో, మళ్ళీ ఎప్పుడు పంపుతాడో, అన్నీ వివరంగా చెప్పింది తను.

వెనక్కి పరుగెత్తి రిజిస్టరు చివరి పేజీలు తిప్పాడు. పాత సామాన్లు అన్న శీర్షిక కింద ఒకటే మాట మళ్ళీ మళ్ళీ: చాపాడు గోడౌన్, చాపాడు గోడౌన్. పన్నెండు కిలోమీటర్లు. ఓబులేసుకి ఆ పేరు చెప్పి, బండెక్కాడు.

“ప్రొద్దుటూరు జీపును పంపిస్తాండా” అని ఓబులేసు అరిచాడు. ఆ వెంటనే అడిగాడు, “వానికి ఎట్ల తెలిసిందప్పా? ఎవరు చెప్పిరి?” నయీం ఫోన్ జేబులో పెట్టేశాడు.

చాపాడు రోడ్డు ఎక్కాడు. ఎంత తొందరగా పోతున్నా పదిహేను నిమిషాల ముందు బయల్దేరినవాణ్ణి అందుకోలేడని లెక్క వచ్చిన మనిషికి తెలుసు. అయినా పోయాడు. ఒక ఆటోని, రెండు ట్రాక్టర్లని దాటాడు. ‘దేవుడా, వాడు ఇంకో దారిన పోయి ఉండాలి, పారిపోవడానికే పోయి ఉండాలి’ అని పైకే అనుకున్నాడు.

చాపాడు ఇంకా మూడు కిలోమీటర్లుందనగా జేబులో ఫోన్ మోగింది. మోగీ మోగీ ఆగింది, మళ్ళీ మోగింది. బండి పక్కకి తీసి చూశాడు. ఆఫ్రీన్. టైము నాలుగూ ఎనిమిది. ఒక చేత్తో ఫోన్ ఎత్తి, స్పీకర్ నొక్కి, రెండో చేత్తో పేజీ తెరిచాడు.

కొత్త కబురు వచ్చింది. పెట్టె బాగానే ఉంది, బ్యాటరీ బాగానే ఉంది. వేడి ముప్పై నాలుగు డిగ్రీలు. పీడనం అదే తొమ్మిది వందల ఎనభై తొమ్మిది.

వాన గడిలో సున్నా.

“భాయ్,” ఆఫ్రీన్ గొంతు ఆత్రంగా ఉంది. ఆమె వెనక ఇంటి నిండా మనుషుల సందడి. “నాలుగూ ఏడు దాటింది గదా. మా వాళ్ళందరూ అడుగుతాండారు. వాన పడిందా భాయ్?”

నయీం పేజీని మళ్ళీ తెరిచాడు. సున్నానే.

“భాయ్? పలకరేంది? వాన పడింది గదా?”